అన్నీ నేనే చేసుకుంటానన్న మామ్మగారు

మంగళవారం పొద్దున్న నేను సబ్‌వేలో ఉండగా అక్క ఫోన్ చేసింది. అక్క అంటే మామ్మగారి కూతురు. రైలు నేల కిందికి దిగుతోంది, మాట తెగిపోతోంది. "అమ్మ పోయింది. తెల్లవారుజామున, హాస్పిటల్‌లోనే" అన్నంతవరకు వినపడింది. తర్వాతి స్టేషన్‌లో దిగి, ఎటు వెళ్ళాలో తెలియక ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. పది నిమిషాలకి నేను పనిచేసే ఏజెన్సీ నుంచి మెసేజ్ వచ్చింది. ఈ కేసు ముగిసింది, రేపటి నుంచి ఫలానా అడ్రస్‌కి వెళ్ళు, అని. రెండేళ్ళు స్నానం చేయించి, తల దువ్వి, చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషి వాళ్ళకి కేసు.

అప్పుడే కూర్చుని రాసేద్దామనుకున్నాను. కానీ కోపంగా ఉన్నప్పుడు కూరలో ఉప్పు వెయ్యొద్దని మామ్మగారు అనేవారు. వేశామని మరిచిపోయి మళ్ళీ వేస్తామట. అందుకని నాలుగు రోజులు ఆగాను. అయినా ఎక్కడైనా ఉప్పెక్కువైతే అది నా పొరపాటు, ఆవిడ తప్పు కాదు.

నేను హోమ్ ఎయిడ్‌ని. సొంతంగా లేవలేని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి స్నానం, బట్టలు, తిండి, నడక చూసుకునే పని. మన తెలుగువాళ్ళ పిక్నిక్‌లలో "ఏ కంపెనీ అమ్మా?" అని అడుగుతారు. చెప్తాను. "ఓ, నైస్" అని ప్లేట్‌లోకి చూసుకుంటారు. ఇంటర్ మధ్యలో ఆపేసి, మేనమామ వేసిన గ్రీన్‌కార్డు పిటిషన్ మీద అమ్మానాన్నలతో వచ్చినదాన్ని. ఇంగ్లీషు పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని నేర్చుకున్నాను. ఇదంతా నా గొప్ప చెప్పుకోడానికి కాదు. ఈ కథలో లైబ్రరీ పని ఒకటుంది, అందుకు.

మామ్మగారు విజయవాడలో ముప్పై ఏళ్ళు మెస్ నడిపారు. కోచింగ్ పిల్లలు, బ్యాచిలర్లు, సేల్స్ వాళ్ళు తినేవాళ్ళు. భర్త పోయాక మెస్ మూసి, న్యూయార్క్‌లో కూతురి దగ్గరికొచ్చారు. స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు సగానికి సగం పోయాయి. అక్కా బావా పొద్దున్న ఎనిమిదింటికి ఆఫీసులకి వెళ్ళిపోతే సాయంత్రం వరకు ఇంట్లో ఎవరూ ఉండరు. అందుకే ఇన్సూరెన్స్ వాళ్ళు నన్ను పంపించారు, వారానికి ఆరు రోజులు, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా.

మొదటి రోజు మంచం పక్కన నిలబడి, "అవ్వా, లేస్తవా?" అన్నాను.

"అవ్వేంటే? మామ్మా అను. మీది కరీంనగరా?"

"అవును. నీకెట్ల తెలుసు?"

"మా మెస్‌లో కరీంనగర్ పిల్లలుండేవాళ్ళు. పచ్చడి గిన్నె వాళ్ళ ముందు పెడితే మళ్ళీ నాకు కనబడేది కాదు."

"మీ ఆంధ్రోళ్ళ పచ్చడి అంత గొప్పగుంటదా?"

"తిన్నాక మాట్లాడు."

మర్నాడు ఆవిడ కుర్చీలో కూర్చుని చెప్తుంటే గోంగూర పచ్చడి నేనే నూరాను. మిరపకాయలు వేయించేటప్పుడు "తియ్, తియ్, తియ్!" అని ఎడమ చేత్తో కుర్చీని బాదారు. పచ్చడి గొప్పగానే ఉంది. ఆ సంగతి ఆవిడతో అనలేదు. గిన్నె మాత్రం ఖాళీ చేశాను.

ఫిజియోథెరపిస్ట్ రోజూ నడిపించమన్నాడు. వాళ్ళ వీధి ఫుట్‌పాత్‌లు ఎత్తుపల్లాలు, వాకర్ చక్రం ఇరుక్కుంటుంది. అదృష్టం ఏమిటంటే రెండు వీధుల అవతలే ఒక పార్కు ఉంది. ఒకప్పుడు గూడ్సు రైళ్ళు నడిచిన వంతెన అది. మూడో అంతస్తు ఎత్తున, మేడల మధ్యలోంచి పోతుంది. రైళ్ళు ఆగిపోయాక పట్టాల మధ్య గడ్డీ గాదం వాటంతటవే మొలిచాయట. తర్వాత దాన్ని తోట చేశారు. పట్టాలు చాలాచోట్ల అలాగే వదిలేసి, పక్కన సిమెంటు పలకల బాట వేశారు. లిఫ్ట్‌లో పైకెళ్తే ఎంత దూరమైనా ఒకే ఎత్తు. మేం ఏడున్నరకల్లా పైన ఉండేవాళ్ళం, టూరిస్టులు రాకముందే.

అక్కడున్న బోర్డు ఒకటి చదివి చెప్పాను. మాంసం, వెన్న, పాలు అన్నీ రైల్లోనే వచ్చేవని, రైలు తిన్నగా గోదాముల పై అంతస్తుల్లోకే దూరేదని.

"గుమ్మం దగ్గరికే సరుకా!" అని మామ్మగారు ఆగిపోయారు. "నేనేమో నాలుగింటికి లేచి, రిక్షా కట్టించుకుని మార్కెట్‌కెళ్ళి, వంకాయల బస్తా మీద కూర్చుని వచ్చేదాన్ని. వీళ్ళకి సుఖపడటం ఎప్పట్నుంచో తెలుసన్నమాట."

చలికాలంలో ఎండిన మొక్కల్ని అక్కడి తోటమాలులు కొయ్యరు. పిట్టలు గింజలు తింటాయని వసంతం దాకా ఉంచేస్తారు. ఆవిడ మాత్రం నమ్మలేదు. "బద్ధకం! పిట్టల మీద పెట్టి తప్పించుకుంటున్నారు. మా మెస్‌లో అయితే పన్లోంచి తీసేసేదాన్ని" అనేవారు. అని, ఆ తోటమాలులు కనబడగానే ఎడమ చెయ్యెత్తి "గుడ్ మార్నింగ్!" అనేవారు. వాళ్ళూ ఆవిడ కోసం ఆగి పలకరించేవాళ్ళు.

మొదటి నెల లిఫ్ట్ నుంచి మొదటి బెంచీ వరకే. ఎండాకాలానికి ఆరో బెంచీ దాకా వచ్చాం. చీర కట్టందే గుమ్మం దాటేవారు కాదు. చీర, దాని మీద కోటు, కాళ్ళకి స్నీకర్స్. కుచ్చిళ్ళు నేనే పెట్టేదాన్ని. మొదట్లో పదిసార్లు పనికిరావని విప్పించి మళ్ళీ పెట్టించారు. ఒకసారి ఎవడో కెమెరా పెట్టి అడక్కుండా ఫోటో తీశాడు. నేను వాడి మీదకి వెళ్ళాను. నోటికొచ్చింది అన్నాను. మామ్మగారు వెనక నుంచి నా జడ పట్టుకుని లాగారు.

"తియ్యనియ్యవే. కుచ్చిళ్ళు ఇవాళ బాగా కుదిరాయి."

ఇక అసలు సంగతి.

ఆరు నెలలకోసారి ఇన్సూరెన్స్ తరఫున ఒక నర్సు ఇంటికొచ్చి చూస్తుంది. మనిషికి ఏం వచ్చు, ఏం రాదు అని అడిగి రాసుకుంటుంది. దాన్ని బట్టి ఎయిడ్ ఎన్ని గంటలు ఉండాలో తేలుతుంది. అన్నీ వచ్చు అంటే ఎయిడ్ అక్కర్లేదు. ఇంత చిన్న సంగతి. కానీ మన ఇళ్ళల్లో ఇది ఎవరికి ఎక్కుతుంది? ఇంటికి ఆఫీసరమ్మ వస్తోందంటే మనం ఏం చేస్తాం? ఇల్లు సర్దుతాం, తల దువ్వుకుంటాం, ఉన్నవాటిల్లో మంచి చీర కడతాం.

మామ్మగారు అదే చేశారు. తెల్లవారకముందే లేచి కూర్చున్నారట. నీలం వెంకటగిరి చీర తీయించారు. నర్సు వచ్చి కూర్చుంది.

స్నానం మీరే చేస్తారా? "యెస్." బట్టలు? "యెస్, యెస్." వంట? "ఎవ్రీథింగ్ ఐ డూ." ఎప్పుడైనా పడ్డారా? "నో, నో!" అంతకు ముందు నెలలో బాత్‌రూంలో రెండుసార్లు పడ్డారు. రెండోసారి తగిలిన దెబ్బకి నడుము మీద నల్లటి మచ్చ ఇంకా ఉంది, నీలం చీర కింద.

ఎయిడ్ మధ్యలో మాట్లాడకూడదని మా సూపర్‌వైజర్ ముందే చెప్పింది. గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఇంతలో మామ్మగారు లేచారు. వాకర్ లేకుండా. సోఫా చేతిని, బల్లని, గోడని పట్టుకుని ఆరడుగులు వేసి వంటగదిలోకెళ్ళి, నేను కాచి పెట్టిన కాఫీ కప్పు ఎడమ చేత్తో పట్టుకుని వచ్చి నర్సు ముందు పెట్టారు. ఒక్క చుక్క ఒలకలేదు. నర్సు "వండర్‌ఫుల్!" అని ఏదో రాసుకుంది. మామ్మగారి ముఖం వెలిగిపోయింది.

రెండు వారాలకి ఉత్తరం వచ్చింది. ఆరు రోజులు కాస్తా రెండు రోజులయ్యాయి. ఆ రెండు రోజులూ మూడేసి గంటలే. మిగతా రోజుల్లో పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఆవిడ ఒంటరిగా కుర్చీలో ఉండాలి. మళ్ళీ బాత్‌రూంలో పడితే అక్క వచ్చేదాకా నేల మీదే. అక్క ఉత్తరం చేత్తో పట్టుకుని ఏడ్చింది. "నేను జాబ్ మానేస్తే ఇంటి లోన్ కట్టలేం" అంది.

నేను ఏడవలేదు. అరిచాను.

"ఎందుకు అబద్ధం చెప్పినవ్?"

"అబద్ధమేంటే? ఇంటికొచ్చిన మనిషి ముందు నా రోగం చాప పరిచినట్టు పరచనా?"

"ఆమె చుట్టం కాదు మామ్మా! నీ రోగం చూడనీకే వచ్చింది!"

"వచ్చింది మా ఇంటికేగా."

ముప్పై ఏళ్ళు ఆవిడ మెస్‌లో 'లేదు' అన్న మాట ఎవరూ వినలేదట. అన్నం అయిపోతే "ఒక్క నిమిషం, వేడిగా దింపుతున్నాను" అనేవారట. రాదు, లేదు, కాదు అన్న మాటలకి ఆవిడ నోరు తిరగదు. మా అమ్మా అంతే. ఎమర్జెన్సీ రూంలో నొప్పి పదిలో ఎంత అని అడిగితే, పొట్ట పట్టుకుని "రెండు" అంది. మీ అమ్మ కూడా అంతే. ఒకసారి అడిగి చూడండి.

ఇంటికొచ్చి ఆ రాత్రి కోపం చల్లారాక ఇంకొకటి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజు ఆ నీలం చీర కుచ్చిళ్ళు సరిచేసి, తల నున్నగా దువ్వి, బొట్టు పెట్టింది నేనే. నర్సు చూసి "ఎంత బాగా చూసుకుంటున్నారు" అనాలని నాకూ ఉంది. కాఫీ కాచింది కూడా నేనే.

లైబ్రరీకి వెళ్ళాను. ఆ ఉత్తరంలో నాలుగో పేజీలో చిన్న అక్షరాల్లో అప్పీల్ చేసుకోవచ్చని ఉంది. తెలియని మాటలు ఫోన్‌లో వెతుక్కుంటూ రెండు సాయంత్రాలు చదివాను. అక్కతో కలిసి ఉత్తరం రాశాను. పడిన తేదీలు, మచ్చ ఫోటో, థెరపిస్ట్ నోట్ అన్నీ పెట్టాం. మళ్ళీ ఒక మనిషిని పంపి చూస్తామన్నారు. అంటే అంతా మళ్ళీ మామ్మగారి నోటి మీదే ఆధారపడింది.

వారానికి మిగిలిన ఆ రెండు పొద్దుటి పూటలూ పార్కు బెంచీ మీద రిహార్సల్ పెట్టాను. నర్సు గొంతు పెట్టి అడిగేదాన్ని.

"కెన్ యూ బటన్ యువర్ బ్లౌజ్?"

"యెస్."

"మామ్మా!"

"ఏంటే? అడిగినదానికి చెప్పాగా."

"నీ హుక్కులు పెట్టేది ఎవరు?"

"నువ్వు."

"మరి?"

"మరి నువ్వున్నావుగా. పని అవుతోందిగా. యెస్సే."

"నువ్వు పరీక్షల ఫెయిల్ అయితవ్" అన్నాను. "నేను ఐదో క్లాసే ఫెయిల్. కొత్తగా భయపెట్టేదేముంది" అన్నారు.

మూడో రిహార్సల్‌లో ఆవిడకి రోషం వచ్చింది. "రాదు రాదు అని నువ్వే నన్ను సగం చంపుతున్నావ్. చూడు ఎలా నడుస్తానో" అని వాకర్‌ని పక్కకి తోసి, అంచు రెయిలింగ్ పట్టుకుని తర్వాతి బెంచీకి బయల్దేరారు. పది అడుగులు పోయాక కుడి కాలు మొరాయించింది. ముందుకు లేదు, వెనక్కి లేదు. ఎడమ చెయ్యి రెయిలింగ్‌ని గట్టిగా పట్టుకుంది. నేను చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాను. కదల్లేదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ కదల్లేదు.

జాగింగ్ వాళ్ళు ఇద్దరు మమ్మల్ని దాటి పోయారు. కింద వీధిలో ట్రక్కు ఒకటి వెనక్కి వస్తూ కీచు కీచుమంటోంది.

"రావే" అన్నారు.

"ఎందుకు?"

పట్టాల వైపు ముఖం తిప్పుకున్నారు. "నావల్ల కావట్లేదు."

ఒక్క అంగలో వెళ్ళి పట్టుకున్నాను. బెంచీ మీద కూర్చోబెట్టాక ఎడమ చేత్తో నా వీపు మీద ఒక్కటిచ్చారు, బాగా గట్టిగా. "ఆ మాట అనిపించుకుని ఏం కట్టుకుపోతావే?"

"ఆరు రోజులు" అన్నాను.

రెండోసారి వచ్చినవాడు కుర్రాడు, టై కట్టుకున్నాడు. ఆ పొద్దున్న నైటీలోనే ఉండమని నేను పోరాను. మామ్మగారు ఒప్పుకోలేదు. "నిజమే చెప్తాను. చీర కట్టుకునే చెప్తాను" అన్నారు. కట్టాను.

స్నానం? "కెనాట్." బట్టలు? "కెనాట్. షీ డూ." పడ్డారా? మామ్మగారు రెండు వేళ్ళు చూపించారు. ప్రతి 'కెనాట్'కీ గొంతు కొంచెం కిందికి దిగింది. తర్వాత టాయ్‌లెట్ సంగతి అడిగాడు. అప్పుడావిడ అక్క వైపు తిరిగారు. అక్క ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉంది.

"నువ్వు కాసేపు లోపలికి వెళ్ళమ్మా."

"పర్లేదమ్మా, చెప్పు."

"వెళ్ళవే. నీ ముందు చెప్పలేను."

అక్క లేచి వెళ్ళి తలుపు వేసుకుంది. మామ్మగారు ఆ కుర్రాడి టై వైపు చూస్తూ, "కెనాట్. దిస్ గర్ల్ హెల్ప్" అన్నారు. కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకోడానికి ఉన్న ఒక్క చెయ్యీ నా చేతిలో ఉంది.

అన్నీ అయ్యాక అతను కాగితాలు సర్దుకుంటుంటే, "వెయిట్" అన్నారు. "కాఫీ. ఐ కెనాట్ మేక్. షీ విల్ మేక్. యూ డ్రింక్ అండ్ గో." అతను తాగకూడదని రూలుందని నసిగాడు. మామ్మగారు ఊరుకోలేదు. నిలబడే తాగి వెళ్ళాడు.

ఆరు రోజులూ మళ్ళీ వచ్చాయి. నేను గంతులేశాను. ఆవిడ వెయ్యలేదు. వారం పాటు పార్కులో మాట లేదు, తోటమాలికి గుడ్ మార్నింగ్ లేదు. గెలిచామని నేను అనుకుంటుంటే ఆవిడ ఏదో పోగొట్టుకున్నట్టు నడిచేవారు. ఒకరోజు బెంచీ మీద కూర్చున్నాక, "మెస్ బోర్డు దించిన రోజు కూడా నాకింత చిన్నతనం అనిపించలేదే" అన్నారు. అప్పీల్ గెలిచినదాన్ని నేనే కాబట్టి ఆ మాట కూడా నేనే వినాలి. సారీ చెప్పాను. "సారీ ఎందుకే. నువ్వు చేసింది మంచిపనే. మంచిపనికి కూడా మందులా చేదుంటుందని నాకు తెలీదు, అంతే" అన్నారు. వాకర్‌ని దగ్గరికి లాక్కుని, "లే, ఇంకో బెంచీ దాకా పోదాం" అన్నారు.

నాకు పని నేర్పింది సర్టిఫికెట్ క్లాసు కాదు, ఆవిడ. నీళ్ళు పోసేముందు నీ మోచెయ్యి ముంచి చూడు. తినిపించేటప్పుడు నిలబడి తినిపించకు, వాళ్ళెత్తుకి కూర్చో. మనిషి మాట్లాడుతుంటే ఫోన్ చూడకు. ఇవన్నీ మెస్‌లో నేర్చుకున్నవేనట. వెళ్ళేముందు రోజూ నా టిఫిన్ డబ్బా తెరిపించి చూసేవారు. నేను బ్రెడ్డు తెచ్చుకుంటే ఆవిడ ఊరుకున్న రోజు లేదు.

ఈ చలికాలంలో రెండో స్ట్రోక్ వచ్చింది. ఆ రోజు ఆదివారం, నాకు సెలవు. హాస్పిటల్‌కి వెళ్ళాను కానీ ఆవిడకి స్పృహ లేదు. అక్కడి నర్సు నన్ను చూసి "ఫ్యామిలీ?" అని అడిగింది. అక్క నాకంటే ముందు "యెస్" అంది.

ఇవాళ రాస్తుంటే హాస్పిటల్ గుర్తురావడం లేదు. పోయిన అక్టోబరులో ఒక పొద్దున్న గుర్తొస్తోంది. చలిగాలి వేస్తోంది. ఆరో బెంచీ దగ్గరికొచ్చాక చూస్తే ఆవిడ శాలువా లేదు, ఎక్కడో వెనక బెంచీ మీద వదిలేశాం. "ఇక్కడే కూర్చో, కదలకు" అని చెప్పి పరిగెత్తాను. శాలువా మూడో బెంచీ మీద దొరికింది. తీసుకుని తిరిగొస్తుంటే బెంచీ ఖాళీగా కనబడింది.

ఇంకాస్త ముందు చూశాను. పొడుగాటి మనిషి ఒకడు, నిక్కరు, చెమటతో తడిసిన బనీను, పరుగు మధ్యలో ఆగినవాడు, మోచెయ్యి వంచి పెట్టి నడుస్తున్నాడు. ఆ మోచేతిని పట్టుకుని మామ్మగారు. దగ్గరికెళ్ళేసరికి ఆవిడ గొంతు వినపడింది. "ఐ కెనాట్ ఫాస్ట్. యూ స్లో." అతను "యెస్ మేడమ్" అంటున్నాడు. ఎవరూ అడిగించలేదు, ఎవరూ రాసుకోవడం లేదు. ఆవిడే దారిన పోయేవాణ్ణి ఆపి, నావల్ల కాదు, పట్టుకో అని అడిగారు.

పరుగు ఆపేసి వాళ్ళ వెనకే నడిచాను. అతను ఆవిడ ఏం చెప్తోందో వినడానికి నడుం వంచి, తన పెద్ద అడుగుల్ని చిన్నవి చేసుకుంటూ, పట్టాల పక్కన పోతున్నాడు. ఏడో బెంచీ వచ్చింది. మేమెప్పుడూ అంతదూరం పోలేదు. అక్కడ ఆగుతారనుకున్నాను. శాలువా పట్టుకుని చూస్తున్నాను. ఆగలేదు.